ఇంటర్వెల్ ఏదీ, నాయనా?

న్యూయార్క్‌లో ఒక చిన్న రేడియో స్టేషన్. సోమవారం పొద్దున, శ్రోతల ఫోను.

“…అలా దూరంనించి వింటే ఎలా నాయనా, ఇలా దగ్గరికి రా. ఫోను చెవికి ఆనించుకో. నేను చెప్పేది కాస్త పొడుగ్గా ఉంటుంది.”

“ఆనించుకునే ఉన్నానమ్మా. ముందు మీ పేరు చెప్పండి.”

“ఫిలొమీనా స్కార్పెట్టా. బ్రాంక్స్‌నించి. చివర ‘ట్టా’ గట్టిగా పలుకు. మా ఆయన బతికున్నన్నాళ్ళూ దానికోసం పోస్ట్‌మాన్‌తో పోట్లాడాడు.”

“స్కార్పెట్టా. బ్రాంక్స్. మళ్ళీ బ్రాంక్సేనా?”

“మళ్ళీ అంటే?”

“ఏం లేదు. పొద్దున్నించీ అన్నీ అటునించే వస్తున్నాయి.”

“పెద్ద పేట కదా. నీ పేరేంటి?”

“నేనా? నేను ఫోన్లు తీసేవాణ్ణండీ. అంతే.”

“ఫోన్లు తీసేవాడికి పేరుండదా?”

“ఉంటుంది. మీ అభిప్రాయం చెప్పండమ్మా. పన్నెండింటికి మీటింగు. ఆలోగా వచ్చినవే పైకి వెళ్తాయి.”

“ఆ మీటింగులో ఏం తేలుస్తారు?”

“నిన్న రేడియోలో చెప్పాం కదండీ. ఆదివారం నాటకాల పాటల కార్యక్రమం, ‘తెర లేచింది’. దాన్ని కెల్విన్ ప్రూట్ చేతిలోనే ఉంచాలా, మనిషిని తీసేసి కంప్యూటర్‌కి అప్పగించాలా అని.”

“కంప్యూటర్ ఏం చేస్తుంది?”

“పాటలు వేస్తుంది. ఏ నాటకంలోంచి ఏది తగిలితే అది.”

“పెళ్ళి పాట ముందూ, వాళ్ళిద్దరూ కలుసుకునే పాట వెనకానా?”

“అలాగే అనుకోండి.”

“మరి ఆ కుర్రాడేమవుతాడు?”

“వాడు… అతను ఇంటికి పోతాడు.”

“ఊఁ. అయితే రాసుకో. నాకు ఆ కెల్విన్ మీద చాలా కోపంగా ఉంది.”

“మీక్కూడానా?”

“నాక్కూడానే. మొదటిది. తెర లేవకముందు వాయిద్యాలన్నీ కలిపి వాయిస్తారే, అది వస్తుంటే దానిమీద మాట్లాడతాడు.”

“రెండు ముక్కలేనండీ. ఆ నాటకం ఎవరు రాశారో, ఎక్కడ ఆడిందో…”

“చర్చిలో ఫాదర్ ప్రార్థన చెప్తుంటే పక్కవాడు వాన పడుతుందా లేదా అని చెప్పినట్టుంటుంది.”

“తెలియనివాళ్ళకి తెలుస్తుందని.”

“వాయింపు అయ్యాక తెలియజెప్పమను. పాతాయన, లియో గ్రెష్మన్, ఏం చేసేవాడు? ‘అందరూ సీట్లలో సర్దుకున్నారా?’ అనేవాడు. అంతే. ఇంక ఊపిరి కూడా వినపడేది కాదు. నేను పొయ్యి దగ్గరున్నా సరే వచ్చి కుర్చీలో కూచునేదాన్ని, సర్దుకోమన్నాడు కదా అని.”

“లియో గారు గొప్పవారండీ. ఆయన పక్కన పెడితే ఎవరైనా…”

“ఎవరైనా ఏంటి?”

“ఏం లేదు. రెండోది చెప్పండి.”

“రెండోది నవ్వు. ముక్కులోంచి వస్తుంది.”

“ముక్కులోంచి కాదండీ, ఆ వారం జలుబు చేసింది.”

“నీకెలా తెలుసు?”

“పక్కనే ఉంటాను.”

“ఎంత పక్కన?”

“బాగా పక్కన.”

“ఫిలో, జలుబూ లేదు గిలుబూ లేదు, వాడు నవ్వేదే అంత అని చెప్పు.”

“నువ్వుండవే యెట్టా, నేను మాట్లాడుతున్నానా.”

“ఎవరండీ అది?”

“యెట్టా పింకస్ అని, ఎదురు వాటా మనిషి. నా వంటింట్లో కూచుని నా బిస్కెట్లు తింటూ నా మీదే అరుస్తుంది. యాభై ఏళ్ళ నించి అంతే.”

“ఇంకెవరో దగ్గారు.”

“నాలుగో అంతస్తు ఆయన. సోమవారం బీన్స్ సూప్ చేస్తానని వచ్చి కూచుంటాడు. పట్టించుకోకు.”

“ఏదో అంటున్నారు.”

“ఉప్పు తక్కువైందంటున్నాడు. మూడోది రాసుకో, ఇదే అసలు సంగతి. ఇంటర్వెల్ ఏదీ, నాయనా?”

“ఇంటర్వెల్?”

“లియో ఉన్నప్పుడు నాటకం సగం అయ్యాక పావుగంట ఇంటర్వెల్ ఇచ్చేవాడు. పాట లేదు, మాట లేదు. హాల్లో జనం గోలగోలగా మాట్లాడుకుంటున్న చప్పుడు పెట్టేవాడు, అంతే. చివర్లో గంట మోగేది. మీవాడొచ్చాడు, ఇంటర్వెల్ పోయింది.”

“అది అతను తీసింది కాదండీ, పైవాళ్ళు తీసేశారు. పావుగంట ఊరికే గోల ఎవరు వింటారు అన్నారు.”

“ఎవరూ వినరు. వినడానికి కాదది. మా బిల్డింగులో అందరం ఎనభై దగ్గరవాళ్ళం. మూడు గంటల కార్యక్రమం. మధ్యలో బాత్రూముకి ఎప్పుడెళ్ళాలి?”

“అలా ఆలోచించలేదండీ ఎవరూ.”

“ఆలోచించరు, కుర్రాళ్ళు కదా. మా బిల్డింగు చూసుకునే ఎస్టెబాన్‌ని అడుగు. ఆదివారం ఇంటర్వెల్ వచ్చిందంటే పై అంతస్తులకి నీళ్ళెక్కేవి కావు. అన్ని వాటాల్లోనూ ఒకేసారి గొలుసు లాగేవాళ్ళం. పైపు పగిలిందేమోనని పాపం మెట్లన్నీ ఎక్కి దిగేవాడు. తర్వాత తెలిసింది, నాటకం ఇంటర్వెల్ అని.”

“నవ్వకూడదు గానీ…”

“నవ్వు. చూశావా, ముక్కులోంచే వస్తోంది నీక్కూడా.”

“లేదండీ, దగ్గు.”

“ఇంకా గ్రేవీ సంగతి చెప్పలేదు. ఆదివారం మా ఇళ్ళల్లో టమాటా గ్రేవీ పొయ్యి మీద పెడతాం, పొద్దున్నించీ ఉడుకుతూనే ఉంటుంది. మొదటి పాటకి వెల్లుల్లి. ఇంటర్వెల్‌లో మాంసం ఉండలు వెయ్యడం, అడుగు కలపడం. ఇప్పుడు ఇంటర్వెల్ లేదు, మధ్యలో లేవలేను, అడుగంటుతోంది. మా కోడలు నోరు తెరిచి ఏమీ అనదు. రొట్టెతో తుడుచుకుని తినేది, ఇప్పుడు రొట్టె వేరుగా, గ్రేవీ వేరుగా తింటోంది.”

“రాసుకున్నాను. గ్రేవీ అడుగంటుతోంది.”

“నవ్వులాటగా రాయకు. అసలు మాకు ఇంటర్వెల్ అంటే ఏంటో తెలుసా నీకు?”

“బాత్రూము.”

“అది ఇప్పటి మాట. అప్పటిది విను. నేనూ యెట్టా చేతి తొడుగుల ఫ్యాక్టరీలో కుట్టేవాళ్ళం. పెద్ద థియేటర్లో నాటకానికి టిక్కెట్టు కొనే మొహాలా మావి? ఇంటర్వెల్‌లో జనం సిగరెట్టు కాల్చుకోడానికి వీధిలోకొస్తారు కదా. వాళ్ళలో కలిసిపోయేవాళ్ళం. గంట కొట్టగానే వాళ్ళతో పాటు లోపలికి. ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ.”

“కోటు సంగతి చెప్పు ఫిలో.”

“చెప్తున్నానుగా. కోటుంటే బయటనించి వచ్చినట్టు తెలిసిపోతుందని, జనవరి చలిలో కూడా ఇది కోటు లేకుండా వచ్చేది. పళ్ళు టకటక కొట్టుకుంటుంటే నవ్వుతున్నట్టు మొహం పెట్టేది. గేటు దగ్గరాయన అడిగాడు ఒకసారి, ‘నాటకం నచ్చిందా అమ్మాయ్’ అని. ‘సగం నచ్చింది’ అంది.”

“అంటే అన్నీ సగంనించే చూశారా?”

“మాకది సగం కాదు నాయనా, అదే మొదలు. ఆ రోజుల్లో ఆడిన ప్రతి నాటకానికీ నాకు రెండో సగం కంఠతా వచ్చు. మొదటి సగం ఒక్కదానికీ తెలీదు. ఎవరు ఎవర్ని ఎందుకు క్షమిస్తున్నారో తెలీదు, ఎందుకు పెళ్ళి చేసుకుంటున్నారో తెలీదు. అందరూ ఏడిస్తే ఏడ్చేవాళ్ళం.”

“అందుకని లియో గారి కార్యక్రమం…”

“మొదటినించి చివరిదాకా వరసగా వేసేవాడు కదా. అరవై దాటాక తెలిశాయి నాకు మొదటి సగాలు. ఇప్పుడు కంప్యూటరొచ్చి అన్నీ కలగలిపేస్తే మళ్ళీ వీధిలో నిలబెట్టినట్టే మమ్మల్ని.”

“కెల్విన్, ఈ లైను పొద్దున్నించీ ఖాళీ లేదేంటి? నేను రెండుసార్లు ప్రయత్నించాను.”

“శ్రోతలు, మిస్ హాలొరన్. ఫిర్యాదులు.”

“ఇన్నా?”

“ఇంకా వస్తున్నాయి.”

“సరే, కానివ్వు. మీటింగుకి ముందు నాకు చెప్పు ఎంతమంది చేశారో.”

“అమ్మా, లైన్లో ఉన్నారా? క్షమించండి, మా డైరెక్టరు వచ్చి…”

“వెళ్ళిపోయిందా?”

“వెళ్ళిపోయారు.”

“మొహం ఎలా ఉంది?”

“ఎవరి మొహం?”

“ఆవిడ మొహం నాయనా. లైను ఖాళీ లేదన్నప్పుడు కోపంగా ఉందా, ఆశ్చర్యంగా ఉందా?”

“ఆశ్చర్యంగానే ఉంది. ఎందుకండీ?”

“ఊరికే. యెట్టా, ఆశ్చర్యంగా ఉందిట. ఇంకోటి రాసుకో, కెల్విన్.”

“…విన్నారా.”

“ఆవిడ పిలిచింది కదా. పిలవకపోయినా తెలుసు. నువ్వు హలో అన్నప్పుడే తెలుసు. ప్రతి ఆదివారం మూడు గంటలు నా వంటింట్లో మాట్లాడతావు, గొంతు తెలీదా?”

“తెలిసే ఇంతసేపూ తిట్టారా?”

“తిడదామనే కదా ఫోను చేసింది.”

“సరే. మంచిదే. నేనే కెల్విన్ని. ఫోన్లు తీసే అమ్మాయిని పోయిన నెల తీసేశారు, అందుకని నన్ను ఎంతమంది తిట్టారో నేనే లెక్కపెట్టుకుంటున్నాను. ఒక డొంబ్రోస్కీ గారు నేను మంచినీళ్ళు తాగితే గుటక వినపడుతోందన్నారు. ఒకావిడ నేను ప్రతి పాటకీ ‘అందమైన’ అంటానంది. ఒకాయన పళ్ళ డాక్టరు మాట్లాడినట్టుంటుందన్నాడు, నోరు తెరవబుద్ధవుతుందిట. ఒక్కరంటే ఒక్కరు, బాగుందని…”

“యెట్టా, పళ్ళ డాక్టరు ఎవరిదే?”

“ఓస్కార్‌ది. వాడికి వాతావరణం ఇచ్చాం, వాడే మార్చేశాడు.”

“చక్కగానే మార్చాడు.”

“ఏంటండీ? ఇచ్చామంటే? ఎవరికి ఏం ఇచ్చారు?”

“నిన్నేం అనలేదు నాయనా.”

“వాతావరణం ఇచ్చామన్నారు. ఓస్కార్‌కి. ఓస్కార్ ఎవరు?”

“ఐదో అంతస్తు.”

“డొంబ్రోస్కీ గారు?”

“మూడు. వెనక వాటా.”

“‘అందమైన’ ఆవిడ?”

“అది యెట్టాయే. ముక్కు మూసుకుని మాట్లాడింది. పోల్చుకోలేదు కదా నువ్వు?”

“లేదు. అమ్మా, నేను మీకేం అపకారం చేశానని బిల్డింగంతా కట్టకట్టుకుని… పన్నెండింటికి నా ఉద్యోగం పోతుంది. తెలుసా మీకు?”

“ఫిలో, ఏడిచేలా ఉన్నాడే. చెప్పెయ్యి.”

“చెప్పెయ్యనా? నాలుగో అంతస్తు ఆయన ఏమంటాడు?”

“ఏమంటున్నారాయన?”

“ఇంకాస్త ఉప్పు వెయ్యచ్చంటున్నాడు. విను కెల్విన్. పోయిన ఏడాది మీవాళ్ళు లియోని తీసేశారు. ఎందుకు తీసేశారు?”

“వినేవాళ్ళు లేరని. అప్పుడూ ఇలాగే అభిప్రాయాలడిగారుట, ఫోను మోగలేదుట.”

“ఎలా మోగుతుంది? మాకేం ఫిర్యాదుంది? ఇంటర్వెల్ వస్తోంది, గ్రేవీ అంటుకోవట్లేదు, తెర లేచేటప్పుడు నోరు మూసుకుంటున్నాడు. హాయిగా ఉన్నాం. హాయిగా ఉన్నవాడు లేచెళ్ళి ఫోనెందుకు తీస్తాడు? ఇలాంటి మంచివాణ్ణి ఎవరు తీసేస్తారులే అనుకుని కూచున్నాం. మీవాళ్ళేమో, అరె, ఒక్కడూ పలకట్లేదు, అంతా పోయారు కాబోలు అనుకున్నారు.”

“అంటే ఈ తిట్లన్నీ…”

“నిన్న సాయంత్రం కూచుని పంచుకున్నాం. ఒకటే తిట్టు అందరూ తిడితే అనుమానం వస్తుందని తలా ఒకటి. ఓస్కార్‌కిచ్చింది, నువ్వు వాతావరణం చదివినట్టు మాట్లాడతావని.”

“బాగుందని చెప్పచ్చు కదండీ! అదే మాట తలా ఒకసారి!”

“పిచ్చివాడా. బాగుందంటే నీ చుట్టాలు చేశారంటారు. పైగా బాగుందని ఎన్నిసార్లు చేస్తాం? ఒక్కసారి. తిట్టామనుకో, మార్చావా లేదా అని వచ్చే సోమవారం మళ్ళీ చెయ్యచ్చు. మార్చకపోతే ఆ పై సోమవారం. మార్చితే ఎందుకు మార్చావని.”

“నా గురించి ఇంత శ్రమ ఎందుకు మీకు? నేను లియో గారిని కాను.”

“కావు. ఎక్కడ అవుతావు. ‘మేడమ్ హోబోకెన్’ నాటకం వేశావు చూడు ఆ మధ్య.”

“విన్నారా అది?”

“అందులో చివర్న పెళ్ళి. పెళ్ళికొడుకు నిచ్చెన భుజాన పెట్టుకుని వస్తాడు. హాలంతా నవ్వుతూ ఏడుస్తుంది. మేమూ ఏడ్చాం. అయితే పెళ్ళికి నిచ్చెనెందుకు? బయటికొచ్చాక నేను వాడు ఫైరింజను ఉద్యోగి అన్నాను. ఇది గోడలకి రంగులేసేవాడంది.”

“రంగులేసేవాడే అనుకున్నాను ఫిలో. చొక్కా మీద మరకలున్నాయి.”

“యాభై ఏళ్ళు పోట్లాడుకున్నాం నాయనా ఆ నిచ్చెన మీద. మా పిల్లల పెళ్ళిళ్ళలో పోట్లాడుకున్నాం. లియో దగ్గర కూడా మొదటి సగం రికార్డు లేదు. నువ్వెక్కడ పట్టుకున్నావో పట్టుకున్నావు.”

“ఒహాయోలో, పాత సామాన్ల కొట్లో. నా సెలవులన్నీ దానికే పోయాయి. రెండు గీతలున్నాయి, అక్కడ టప్ టప్ అంటుంది.”

“ఆ టప్ టప్‌లోనే తెలిసింది. వాడు దొంగ. ఆవిడ కిటికీకి నిచ్చెన వేసుకుని దొంగతనానికొస్తాడు. నిచ్చెన జారుతుంటే, పడిపోతావు జాగ్రత్త అని ఆవిడే పట్టుకుంటుంది. దొంగట యెట్టా, దొంగ. ఫైరింజనూ కాదు, రంగులూ కాదు.”

“ఆ రోజు ఒక్క ఫోను రాలేదండీ. అంత వెతికి వేస్తే ఒక్కటి రాలేదు. ఎవరూ వినలేదనుకుని స్టూడియో లైట్లు నేనే ఆర్పుకుని వెళ్ళిపోయాను.”

“ఎలా చేస్తాం నాయనా? ఇద్దరం ఏడుస్తున్నాం. ఇదిగో ఈయన మెట్ల మీదే కూచుండిపోయాడు.”

“ఒక్క నిమిషం. మిస్ హాలొరన్ మళ్ళీ వచ్చారు… ఆఁ. ఆఁ, ఇంకా వస్తున్నాయి… నిజంగానా?… సరే. సరేనండీ… అమ్మా.”

“మొహం ఎలా ఉంది?”

“ఇంతమంది తిట్టాలంటే ఎంతమంది వింటూ ఉండాలి అంటున్నారు. కంప్యూటర్ సంగతి ఇప్పటికి పక్కన పెట్టారుట. ఇంకో ఫోను పెట్టిస్తారుట.”

“నువ్వు?”

“ఉంటాను. కానీ ఒక షరతు పెట్టారు. వచ్చే ఆదివారం నించి కార్యక్రమం మధ్యలో పావుగంట పాటలాపి, శ్రోతలు ఫోను చేసి తిట్టుకోడానికి వదిలెయ్యాలిట.”

“పావుగంటా? మధ్యలోనా?”

“మధ్యలోనే.”

“యెట్టా, ఇంటర్వెల్ వచ్చేసిందే! ఎస్టెబాన్‌కి చెప్పు, ఆదివారం నీళ్ళెక్కవని.”

“మరి ఫోను ఎవరు చేస్తారు ఫిలో, అందరం బాత్రూముల్లో ఉంటే?”

“వంతులేసుకుందాం. కెల్విన్, ఉండు, నాలుగో అంతస్తు ఆయన ఫోనిమ్మంటున్నాడు. మూతి తుడుచుకో ముందు. ఇదిగో.”

“అయ్యా, నమస్కారం. సూప్‌లో ఉప్పు సరిపోయిందా?”

“సీట్లో సర్దుకున్నావా, నాయనా?”

“ఆఁ? ఏమన్నారూ?”

“సర్దుకున్నావా అని అడిగాను.”

“లియో గారూ. మీరా? అక్కడున్నారా? అంతా వింటున్నారా?”

“ఎవరికి ఏ తిట్టు ఇవ్వాలో పంచింది నేనే. గుటక తిట్టు నా ఆలోచనే, నాకూ ఉండేది ఆ అలవాటు. ‘మేడమ్ హోబోకెన్’ మొదటి సగం కోసం నేను ముప్పై ఏళ్ళు వెతికానయ్యా. నీకు దొరికింది. ఆ కుర్చీ నీదే, జరగకు. ఒక్కటి చెప్తా విను. ఇంటర్వెల్ పైవాళ్ళు తీసిందిలే. నీ మీద మేం ఆడిపోసుకున్నవన్నీ కల్పించినవే, ఒక్కటి తప్ప. తెర లేచేముందు వాయింపు మీద మాట్లాడకు. అది నిజం తిట్టు.”

“మాట్లాడనండీ. ఒట్టు.”

“ఇటివ్వు ఫోను. కెల్విన్, విన్నావుగా. ఇది బాగా గుర్తుపెట్టుకో. ఎప్పుడో ఒకప్పుడు నీ కుర్చీలోకి ఇంకో కుర్రాడొస్తాడు, వాడికీ ఫోను మోగదు, వాడూ లైట్లార్పుకుని దిగాలుగా వెళ్తుంటాడు. అప్పుడు వాణ్ణి కూచోబెట్టి ఈ కథంతా చెప్పు. ఆ నిచ్చెన సంగతితో సహా. నేను నీకు చెప్పినంత పొడుగ్గానూ చెప్పు, కత్తిరించకు. ఇంక పెట్టెయ్యి, యెట్టా వాళ్ళింటికెళ్ళి ఫోను చేస్తుంది. నీ మీద మండిపడుతోందిట, కాస్త భయపడు.”